కెమెరా పిడికి ఎర్ర దారం

పోయిన నెల హైదరాబాద్ నుంచి ఇద్దరు పిల్లలు మా ఇంటికి వచ్చారు. పిల్లలంటే ఇరవై అయిదేళ్ళ వాళ్ళే, నా వయసుకు అందరూ పిల్లలే. వెనకటి రోజుల్లో జనం సొంత కెమెరాలతో ఫిలిం మీద తీసుకున్న ఇంటి సినిమాలను ఊరూరా వెతికి, కంప్యూటర్లోకి ఎక్కించి దాచే పని చేస్తున్నారట. మా నారాయణఖేడ్‌లో ఈ మధ్యే పోయిన ఒక టీచరమ్మ ఇంట్లో దొరికిన రీలు ఫోన్లో చూపించారు. నాలుగు నిమిషాలది. మొదటి సగంలో బక్కపలచని ఆడపిల్ల ఒకతి నడిచి వస్తుంటుంది. ఆ పిల్ల గౌను మీద నుంచి మేకపోతులు పోతుంటాయి. ముఖంలో నుంచి జుట్టు విరబోసుకుని ఆడే ఒకామె, ఆమె చుట్టూ జనం వస్తుంటారు.

"సార్, గిది అప్పట్ల ఎట్ల చేసిండ్రు? మస్తున్నది. ఆర్ట్ సినిమా లెక్కున్నది," అంది వాళ్ళలో అమ్మాయి. "బజార్ల అడిగితె మీరే తీసిండ్రని చెప్పిండ్రు. గిట్ల రెండు బొమ్మలు కలపాల్నన్న ఐడియా ఎవలది? గదంత రాసియ్యుండ్రి సార్. మా అసొంటోళ్ళకు పనికొస్తది."

రాసిస్తానన్నాను. ఇదిగో రాస్తున్నాను. చదివాక మస్తున్నది అంటారో లేదో మీ ఇష్టం.

నేను బజారులో ఒక ఫోటో స్టూడియోలో ముప్పై ఏడేళ్ళు పనిచేశాను. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళిళ్ళు, చచ్చిపోయిన వాళ్ళను కుర్చీలో కూచోబెట్టి తీసే ఫోటోలు, అన్నీ మావే. ఓనరు ముందు గల్లా దగ్గర ఉండేవాడు. వెనక చీకటిగదిలో ఒక అన్న ఉండేవాడు. కంగ్టి పక్క ఊరాయన, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మందునీళ్ళలో నాని నాని వేళ్ళు చాయ్ రంగుకు తిరిగిపోయాయి. ఎర్ర బల్బు కింద చర్చి పాటలు సన్నగా పాడుకుంటూ ఫోటోలు కడిగేవాడు. పాట ఆగిందంటే ఫోటో చెడిపోయిందని మాకు బయటికే తెలిసేది. నాకు వచ్చిన పనంతా ఆయన నేర్పిందే.

ఆ అన్నకు ఒక పిచ్చి ఉండేది. బీదర్‌లో ఎవరో ఊరు విడిచిపోతూ అమ్మిన చిన్న సినిమా కెమెరా, ప్రొజెక్టరు కొనుక్కున్నాడు. కెమెరా అరచేతిలో పట్టేంత. గడియారానికి ఇచ్చినట్టు కీ ఇవ్వాలి, మీట నొక్కితే కిరకిర తిరుగుతుంది. స్టూడియో పనికీ దానికీ సంబంధం లేదు, డబ్బులకు తీసేది కాదు. తన పిల్లలు స్నానం చేస్తుంటే తీశాడు. కందికోత తీశాడు. క్రిస్మస్ తీశాడు, పీర్ల పండుగ తీశాడు. ఆదివారం మధ్యాహ్నం స్టూడియో తలుపులు మూసి, గోడ మీద వేసి చూపించేవాడు. మా పక్క కొట్టు దర్జీ తన తల వెనక భాగం మొదటిసారి ఆ గోడ మీదే చూసుకున్నాడు. "గా బట్టతల ఎవనిదిరా?" అని నవ్వి, ఎవరిదో తెలిశాక వారం రోజులు మాతో మాట్లాడలేదు.

మీకు ఒక్క సంగతి తెలియాలి, అది తెలియకపోతే నేను చేసింది అర్థం కాదు. ఆ రీలులో ఫిలిం అసలు సినిమాకు రెండింతల వెడల్పు ఉండేది. ఒకసారి కెమెరాలో నడిస్తే ఒక దిక్కు సగం మీదే బొమ్మ పడుతుంది. రెండు నిమిషాల్లో అయిపోతుంది. అప్పుడు నీడలో తెరిచి, రీలు తిప్పి పెడితే రెండో దిక్కు. అదీ అయ్యాక తీసి డబ్బాలో పెట్టి బొంబాయికి పోస్టు చేయాలి. వాళ్ళు కడిగి, నడిమికి నిలువునా చీల్చి, రెండు ముక్కలూ అతికి పంపేవాళ్ళు. నెల పట్టేది. రెండో దిక్కు అయ్యాక కూడా ఎవడైనా మళ్ళీ తిప్పి పెడితే కెమెరా వద్దనదు. మొదటి బొమ్మ మీదే ఇంకో బొమ్మ తీసి పెడుతుంది.

అన్న కెమెరా కొన్న మొదటి ఏడే ఒక రీలు అట్లా పాడు చేసుకున్నాడు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాడు. రీలు తిప్పగానే కెమెరా పిడికి ఎర్ర దారం కట్టేవాడు. "ఫిలిం అయిపోయినంక దారం లేకుంటే తిప్పు. దారముంటే తీసి డబ్బల వెట్టు. యాదికి పెట్టుకునే పని లేదు తమ్మీ, దారమే పెట్టుకుంటది," అనేవాడు.

బడిలో చెప్పే టీచరమ్మకు ఒక్కతే బిడ్డ. తొమ్మిదేళ్ళు. గుండెలో పుట్టుకతోనే లోపం. పది అడుగులు వేస్తే పెదవులు నీలంగా అయ్యేవి, అక్కడే గొంతుక్కూచునేది. కొంచెంసేపు నేల మీద వేలితో గీతలు గీసుకుని, ఊపిరి అందాక లేచి మళ్ళీ పది అడుగులు వేసేది. బజారులో అందరికీ ఆ నడక తెలుసు. ఎవరూ దానికి అడ్డం వచ్చేవాళ్ళు కాదు, సైకిళ్ళు కూడా చుట్టు తిరిగి పోయేవి. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేస్తామన్నారు. ఆ వచ్చే బుధవారం బయలుదేరాలి. టీచరమ్మ స్టూడియోకి వచ్చి అన్నను అడిగింది.

"దాని నడక తియ్యుండ్రి. మంచిగై వచ్చినంక ఉరికేది గూడ తియ్యాలె. పెద్దగైనంక రెండు కలిపి సూపిస్త."

ప్రయాణానికి ఆరు రోజుల ముందు, గురువారం, బడి మైదానంలో తీశాడు. గొడుగు పట్టుకుని నేనూ ఉన్నాను. అన్న దేన్నీ పది లెక్కపెట్టేదాని కంటే ఎక్కువ తీసేవాడు కాదు, ఫిలిం అంత అపురూపం. ఆ రోజు కీ ఇస్తూనే ఉన్నాడు. పిల్ల నడిచి రావడం, కూచోవడం, గీతలు గీయడం, లేచి నవ్వడం, మళ్ళీ నడవడం. ఒక దిక్కు మొత్తం ఆ పిల్లకే పెట్టాడు.

"అన్నా, అంత గీ పిల్లకేనా?" అన్నాను.

"ఊకో," అన్నాడు. తర్వాత టీచరమ్మ వైపు తిరిగి, "బీరువల ఇంకో రీలున్నది టీచరమ్మా. గది దీని ఉరుకుడుకే పెట్టిన, దేనికీ వాడ," అన్నాడు.

చెట్టు నీడకు పోయి రీలు తిప్పాడు. పిడికి దారం కట్టాడు. నేను చూశాను. ఈ వాక్యం మీద వేలు పెట్టుకోండి. నేను కళ్ళారా చూశాను.

ఆ ఆదివారం బోరంచ నల్లపోచమ్మ జాతర. అన్నకు జాతర కూడా తన డబ్బాలో ఉండాలని ఎన్నేళ్ళుగానో ఆశ. కానీ ఆదివారం చర్చి మానడు. మా బావ వాళ్ళు ఎట్లాగూ అక్కడ మొక్కు చెల్లిస్తున్నారు, నేను పోతున్నాను. శనివారం సాయంత్రం మొదటిసారి కెమెరా నా చేతికిచ్చాడు. "రెండో దిక్కున్నది. అయిపోతే తీసి డబ్బల వెట్టు," అన్నాడు. కెమెరా ఇవ్వడం ఇచ్చాడు కానీ, నేను గల్లీ మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి చూశాడు.

బోరంచలో మా బావ కెమెరాను చూడగానే నవ్వాడు. "ఏందిరా, కెమెరకు తాయెత్తు కట్టిచ్చినవు? దిష్టి తాకుతదా దానికి?" అన్నాడు. పక్కన మా మరదళ్ళు, వాళ్ళ చుట్టాలు కిసుక్కుమన్నారు. నాకు పెళ్ళయింది, ఒక బిడ్డ కూడా. అయినా సినిమా తీసే మొనగాడిలా అక్కడ నిలబడ్డాను కదా, ఆ నవ్వుకు తట్టుకోలేకపోయాను. దారం ఊడబీకి అంగీ జేబులో వేసుకున్నాను. అంతే జరిగింది. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే చెప్పుకోవడానికైనా బాగుండేది.

పొద్దున బోనాలు, డప్పులు తీశాను. రెండో దిక్కు మధ్యాహ్నానికి అయిపోయింది. మేక కోశారు, కల్లు పోశారు. సాయంత్రం పూనకం వచ్చిన ఒకామె జుట్టు విరబోసుకుని ఆడుతుంటే, తియ్యి తియ్యి అని అందరూ తోశారు. నేను కెమెరా వైపు చూశాను. ఫిలిం అయిపోయింది. పిడికి దారం లేదు. దారం లేకుంటే తిప్పు. చేతికి ఐదేళ్ళుగా చూసిన అలవాటు, కడుపులో రెండు ముంతల కల్లు. శాలువ కప్పుకుని, దాని కింద రీలు తిప్పి పెట్టాను. ఆమెను తీశాను, మేకపోతులను తీశాను, గుంపును తీశాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ తీయలేదని అనుకున్నాను కూడా.

తిరుగు బస్సులో కండక్టరు టికెట్ అన్నాడు. జేబులో చెయ్యి పెడితే చిల్లరతో పాటు దారం వచ్చింది. కల్లు అంతా దిగిపోయింది. కండక్టరు మళ్ళీ టికెట్ అని అడిగేదాకా నేను ఆ దారాన్నే చూస్తున్నాను.

ఇక్కడిదాకా జరిగింది పొరపాటు. పొరపాటుకు నేను ఇన్నేళ్ళు కుమిలేవాణ్ణి కాదు. ఆ రోజు ఆదివారం. పిల్ల పోయేది బుధవారం. బీరువాలో కొత్త రీలు ఉంది. అన్నకు ఒక్క మాట చెబితే నాలుగు తిడతాడు, కెమెరా ఇంకెప్పుడూ ఇవ్వడు, కానీ సోమవారం పొద్దున్నే ఆ పిల్లను మళ్ళీ నడిపించి తీసేవాడు. చెప్పాలనే సోమవారం చీకటిగది తలుపు దాకా పోయాను. లోపల పాట వినిపిస్తోంది. "ఎట్లొచ్చిందిరా?" అని లోపల నుంచే అడిగాడు. "మంచిగనే వచ్చిందన్నా," అన్నాను. అన్న డబ్బా మీద బొంబాయి అడ్రసు రాసి ఇస్తే, నా చేతులతో నేనే పోస్టు చేసి వచ్చాను.

మంగళవారం టీచరమ్మ దవాఖానకు కావలసిన ఫోటోల కోసం వచ్చింది. పిల్ల మా మెట్ల దగ్గర గొంతుక్కూచుంది. "మామా, నా సినిమా ఎప్పుడొస్తది?" అని అడిగింది.

"నువ్వొచ్చే వరకు వస్తది బిడ్డా," అన్నాను.

మంచి సమాధానమే చెప్పానని ఆ పూట అనుకున్నాను. పిల్ల తిరిగి వస్తుంది, ఉరుకుతుంది, ఉరికే పిల్లను చూశాక పాత నడక ఎవరడుగుతారు, రెండు బొమ్మలూ కొంచెం కొంచెం కనబడతాయేమో కూడా, అనుకున్నాను. నేను రాక్షసుణ్ణి కాదు, పిరికివాణ్ణి. ఆ పిల్లకు దాంతో ఒరిగిందేమీ లేదు.

శుక్రవారం ఆపరేషన్ బల్ల మీదే పోయింది.

రీలు నెల తర్వాత వచ్చింది. ఎవరి బొమ్మ వాళ్ళే ముందు చూడాలని అన్న ఒక పద్ధతి పెట్టుకున్నాడు, అందుకని తాను కూడా ముందు చూడలేదు. టీచరమ్మను పిలిపించి, కుర్చీ వేసి, తలుపులు మూసి ప్రొజెక్టరు తిప్పాడు. మీరు చూసిందే ఆమె చూసింది. గోడ మీద తన బిడ్డ, బిడ్డ మీద మేకలు. మొదట ఆమె కుర్చీలో ముందుకు వంగింది. తర్వాత, "గిదేంది?" అంది నెమ్మదిగా. రెండో సగం నా పొద్దుటి జాతర, ఒక్క మచ్చ లేకుండా, కడిగిన ముత్యంలా వచ్చింది.

అన్న నా వైపు తిరిగాడు. "తమ్మీ, దారం సూడలేదా?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకు ఎన్నో జవాబులు కట్టుకున్నాను. ఆ రోజు నోట్లోంచి వచ్చింది ఒకటే. "దారం లేదన్నా. నువ్వు కట్టలే."

ఆయన కొట్టినా బాగుండేది. నా ముఖం చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. "కట్టిననుకున్ననే," అన్నాడు. ఇంతకుముందు ఒక రీలు పాడు చేసిన మనిషి కదా, తన మీద తనకు అనుమానం రావడానికి ఎంతోసేపు పట్టలేదు. టీచరమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పు నాదే టీచరమ్మా. నేనే మర్సిన," అన్నాడు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఇంకోపారి ఎయ్యుండ్రి," అంది.

ఆ రీలులో ఒకచోట నల్ల గొంగడి కప్పుకున్న గొర్రెలాయన కెమెరాకు అడ్డంగా పోతాడు. నలుపు మీద కింది బొమ్మ తేటగా కనబడుతుంది. ఆయన దాటిపోయేంత సేపు, రెండు మూడు ఊపిరులంత సేపు, పిల్ల ముఖం ఏ మేకా అడ్డం లేకుండా కనిపిస్తుంది. నవ్వుతూ ఉంటుంది. టీచరమ్మ దాన్ని మొదటి రోజే పట్టింది. నెలకోసారి స్టూడియోకి వచ్చి కూచునేది. "గా గొంగడాయన దగ్గర ఆపరాదా అన్నా," అని అడిగేది. ఆపితే బల్బు వేడికి ఫిలిం కాలి బొబ్బ లేస్తుంది. "ఆగదు టీచరమ్మా," అనేవాడు అన్న. ఎన్నిసార్లు అడిగిందో అన్నిసార్లు అదే జవాబు, తల వంచుకుని. ఆమె వస్తున్నట్టు కనబడితే నేను చాయ్ తాగి వస్తానని బయటికి పోయేవాణ్ణి. చివరికి రీలు, ప్రొజెక్టరు రెండూ ఆమెకే ఇచ్చేసి, అన్న మళ్ళీ సినిమా కెమెరా ముట్టలేదు.

దారాలు మాత్రం మొదలుపెట్టాడు. మందు సీసాకు దారం, చీకటిగది గొళ్ళేనికి దారం, సైకిల్ తాళానికి, టిఫిన్ డబ్బాకు దారం. ఒక పని చేశాడో లేదో తనకు తానే నమ్మడు. పెళ్ళి నెగెటివులు కడిగి ఆరేసి, కడిగానా అని నన్ను అడిగేవాడు. బజారులో దారాల అన్న అని పేరు పడింది. చీకటిగదిలో పాట కూడా ఆగిపోయింది. ఓనరు కొన్నాళ్ళు చూసి, "ఆయన దిమాక్ ఖరాబైంది, పెళ్ళిళ్ళ పని నువ్వే సూడు," అన్నాడు నాతో. నేను వద్దనలేదు. రెండేళ్ళకు అన్న కంగ్టి దగ్గరున్న తన ఊరికి, కందిచేనుకు వెళ్ళిపోయాడు. ఆయన స్టూలు మీద నేను కూచున్నాను, ముప్పై ఏళ్ళకు పైగా కూచున్నాను. రిటైరైన రోజు శాలువ కప్పి, పనిలో ఒక్క తప్పు చేయని మనిషి అన్నారు. దండం పెట్టి కప్పించుకున్నాను.

మీరు వచ్చిన రోజు ఒక పని చేశారు, మీకు గుర్తుండదు. గొంగడాయన వచ్చినప్పుడు "ఇక్కడ ఆపమ్మా" అన్నాను. ఆ అమ్మాయి వేలితో తాకింది, ఆగింది. పిల్ల ముఖం అట్లాగే నిలబడి ఉంది. మీరు చాయ్ తాగేదాకా నిలబడి ఉంది.

ఆ మర్నాడే, మీరు నా ఫోన్లో వేసిచ్చిన సినిమాతో కంగ్టి బస్సెక్కాను. అన్నకు ఎనభై దాటాయి. నులకమంచం మీద ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు, నా బిడ్డ సంగతి అడిగాడు. చేతికర్రకు దారం, మాత్రల డబ్బాకు దారం, మంచినీళ్ళ చెంబుకు దారం. కోడలు చాయ్ తెచ్చి, "మా మామకు మొదటి సంది గింతే, మతిమరుపు," అంది నవ్వుతూ.

ఆమె లోపలికి పోయాక చెప్పేశాను. "అన్నా, ఆ దినం దారమున్నది. నువ్వు కట్టినవు. నేనే ఊడదీసిన. అబద్ధం చెప్పిన."

చాయ్ కప్పు మంచం కింద పెట్టాడు. తర్వాత నా భుజం తట్టాడు. "లేదురా. నేను కట్టలే. నాకు ఎరుకలేదా? ముసలోడు బాధపడుతుండని నీ నెత్తికి ఏసుకుంటున్నవు. గట్ల వద్దు తమ్మీ."

"కాదన్నా, నిజంగనే..."

"ఊకో," అన్నాడు, వెనకటిలాగే.

జేబులోంచి ఫోన్ తీశాను. సినిమా పెట్టి, గొంగడాయన దగ్గర ఆపి ఆయన ముందు పట్టుకున్నాను. ఆయన చాయ్ రంగు వేలు ఆ పిల్ల ముఖం దగ్గరిదాకా వచ్చి ఆగింది.

"ఆగిందిరా," అన్నాడు.

"ఆగుతదన్నా ఇప్పుడు."

"టీచరమ్మకు సూపెట్టినవా?"

టీచరమ్మ మా ఊళ్ళోనే, మా ఇంటికి నాలుగు గల్లీల అవతల, మొన్న మొన్నటిదాకా బతికే ఉంది. నేను ఒక్కసారి కూడా ఆమె గడప తొక్కలేదు. అదీ, ఆమె పోయిన సంగతీ ఎట్లా చెప్పాలో తెలియక, చూపించలేదని మాత్రం అన్నాను.

"పోయి సూపెట్టు. మస్తు దినాల నుంచి అడుగుతుంది," అన్నాడు.

నేను లేచాను. ఆయన దిండు కింద తడిమి ఎర్ర దారం ముక్క తీశాడు. నా గొడుగు పిడికి కట్టడానికి చాలాసేపు పట్టింది. "బస్సుల మర్సిపోతవు," అన్నాడు. గొడుగు నేను మరిచిపోలేదు, దారంతో సహా ఇంటికి తెచ్చుకున్నాను. ఐడియా ఎవరిదో రాసిమ్మన్నారు కదా. ఆ రీలు కింద అన్న దారం కట్టాడని రాయండి. ఆయన నమ్మడు, అయినా రాయండి.